పల్సార్ల రేడియో ధ్రువణం: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

పల్సార్ల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది పల్సుల వేగం దగ్గరే ఆగిపోతారు. సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతుంది, ఎంత కచ్చితంగా తిరుగుతుంది అని అడుగుతారు. వచ్చిన తరంగం ఏ కోణంలో కంపిస్తోంది అన్న ప్రశ్న అరుదు. తరంగం ఇలా ఒక దిశ పట్టి కంపించడాన్నే ధ్రువణం అంటారు. నా దృష్టిలో అసలు విషయమంతా ఆ కోణంలోనే ఉంది. పల్సు తీవ్రత ఈ క్షణం ఒకలా, మరుక్షణం ఇంకోలా ఉంటుంది. వేల పల్సులు కలిపి తీసిన సగటు కోణం మాత్రం చాలా పల్సార్లలో ఏళ్ల తరబడి నిలకడగా ఉంటుంది. ఎంత పెద్ద టెలిస్కోపులోనైనా చుక్కకు మించి కనిపించని నక్షత్రం మన వైపు ఎలా వాలి ఉందో ఆ కోణమే చెబుతుంది. డిగ్రీ పిల్లలు, టీచర్లు, ఆకాశం మీద ఆసక్తి ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

పల్సార్ అంటే ఏమిటి? క్లుప్తంగా చెప్పండి.

భారీ నక్షత్రం పేలిపోయాక మిగిలే న్యూట్రాన్ తార. ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 1.4 రెట్లు, వ్యాసం 20 నుంచి 25 కిలోమీటర్లు. దాని అయస్కాంత ధ్రువాల మీదుగా రేడియో తరంగాల పుంజం బయటికి వస్తుంది. అయస్కాంత అక్షం, భ్రమణాక్షం ఒకే గీత మీద ఉండవు కాబట్టి నక్షత్రంతో పాటు పుంజం కూడా చుట్టూ తిరుగుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు ఓడలో ఉన్నవాళ్లకు ఆగి ఆగి మెరిసినట్టు, ఆ పుంజం మన మీదుగా పోయినప్పుడల్లా మనకు ఒక పల్సు అందుతుంది. మొదటి పల్సార్‌ను 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ పట్టుకున్నారు. దాని ఆవర్తన కాలం 1.337 సెకన్లు.

ధ్రువణం అంటే పుస్తకంలో చదివాం. కళ్లతో చూసే వీలుందా?

ఉంది. ఆర్కే బీచ్‌కి పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లండి. ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో, సూర్యుడు సముద్రం మీద ముప్పై ఏడు డిగ్రీల ఎత్తుకు చేరే వేళ, నీటి మీది తళతళను చూడండి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి. తల నిటారుగా ఉన్నప్పుడు తళతళ బాగా తగ్గి, అల లోపలి ఆకుపచ్చ రంగు తేరుతుంది. తలను భుజం మీదికి వంచారంటే మెరుపు మళ్లీ కళ్లలో పడుతుంది. నీటి మీద సుమారు 53 డిగ్రీల పతన కోణంతో పడి పరావర్తనం చెందిన కాంతి దాదాపు పూర్తిగా అడ్డంగా కంపిస్తుంది. కళ్లద్దాలు నిలువు కంపనాన్నే లోపలికి రానిస్తాయి. కెరటాల వల్ల నీటి తలం అటూ ఇటూ వంగుతూ ఉంటుంది కాబట్టి మెరుపు పూర్తిగా చావదు.

రేడియో టెలిస్కోపులో ఈ పని ఫీడ్, అంటే డిష్ పోగుచేసిన తరంగాన్ని అందుకునే భాగం, చేస్తుంది. ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు డైపోల్స్ (యాంటెన్నా కడ్డీలు) రెండు దిశల కంపనాన్ని విడివిడిగా అందుకుంటాయి. ఆ రెండు సంకేతాల నుంచి స్టోక్స్ రాశులు నాలుగు కడతారు: ఐ, క్యూ, యూ, వీ. ఐ అంటే మొత్తం తీవ్రత. క్యూ, యూ కలిస్తే రేఖీయ ధ్రువణం (ఒకే గీత వెంట కంపనం), వీ అంటే వృత్తీయ ధ్రువణం (కంపన దిశ గుండ్రంగా తిరగడం). యూను క్యూతో భాగించి, దానికి టాన్ విలోమం తీసి, సగం చేస్తే ధ్రువణ కోణం వస్తుంది. చిహ్నాలు చూసుకుని సరైన పాదంలో తీసుకోవాలి. ఆ 'సగం' వల్ల ఒక చిక్కు ఉంది. 0 డిగ్రీలన్నా 180 డిగ్రీలన్నా ఒకే కంపనం. అందుకే గ్రాఫులో గీత పైకి పోతూ పోతూ 90 దగ్గర మాయమై మైనస్ 90 దగ్గర మళ్లీ మొదలవుతుంది. కొత్తగా చూసేవాళ్లు అదేదో పెద్ద మార్పు అనుకుంటారు. అక్కడ ఏమీ జరగలేదు, గీత చుట్టు తిరిగి వచ్చిందంతే.

పల్సార్ నుంచి వచ్చే తరంగాలకు ఇంత ధ్రువణం ఎందుకు?

పల్సార్ ఉపరితలం దగ్గర అయస్కాంత క్షేత్రం మామూలుగా లక్ష కోట్ల గాస్‌ల స్థాయిలో ఉంటుంది (గాస్ అంటే అయస్కాంత క్షేత్రం బలానికి కొలమానం). అక్కడి ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు క్షేత్ర రేఖను దాటి పక్కకు పోలేవు, రేఖ వెంటే దాదాపు కాంతి వేగంతో పరుగెత్తుతాయి. రేఖ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి కణమూ వంపు తిరుగుతుంది, తిరుగుతూ తరంగాన్ని విడుస్తుంది. ఆ తరంగం ఏ దిశలో కంపించాలో క్షేత్ర రేఖ ఉన్న తలమే నిర్ణయిస్తుంది. అంటే పుట్టిన చోట అయస్కాంత క్షేత్రం ఎటు వాలి ఉందో తరంగం మీద ముద్ర పడిపోయింది. దక్షిణాకాశంలోని వెలా పల్సార్‌లో రేఖీయ ధ్రువణం 90 శాతం దరిదాపుల్లో ఉంటుంది. నెమ్మదించిన పాత పల్సార్లలో చాలావాటికి అంతకన్నా బాగా తక్కువ. పౌనఃపున్యం పెరిగేకొద్దీ కూడా ధ్రువణం సాధారణంగా తగ్గుతూ వస్తుంది.

పల్సు నడుస్తుండగానే కోణం మారిపోతుందట. ఎందుకు?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. కాగితం, పెన్సిలు తీసుకోండి.

కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టండి. అది అయస్కాంత ధ్రువం. చుక్క నుంచి అన్ని వైపులకూ గీతలు గీయండి. అవి క్షేత్ర రేఖలు, మనకు పైనుంచి కనిపించే తీరులో. ఇప్పుడు చుక్కను తాకకుండా, కాస్త పక్కగా, స్కేలు పెట్టండి. నక్షత్రం తిరుగుతుంటే మన చూపు పుంజాన్ని కోసుకుంటూ పోయే దారి ఆ స్కేలు అంచు. పెన్సిలు మొనను స్కేలు వెంట ఒక కొస నుంచి రెండో కొసకు జరుపుతూ, మొన కింద ఉన్న గీత ఎటు వాలిందో గమనించండి. మొదట్లో వాలు మెల్లగా మారుతుంది. చుక్కకు దగ్గరయ్యే చోట గిర్రున తిరుగుతుంది. దాటాక మళ్లీ మెల్లబడుతుంది. ఆ వాలును గ్రాఫుగా గీస్తే ఇంగ్లీషు ఎస్ అక్షరాన్ని సాగదీసినట్టు ఉంటుంది. స్కేలును చుక్కకు ఇంకా దగ్గరగా జరిపితే మధ్యలో మలుపు ఇంకా నిటారుగా వస్తుంది, దూరంగా జరిపితే చదునవుతుంది.

1969లో వి. రాధాకృష్ణన్, డి. జె. కుక్ ఆస్ట్రేలియాలోని 64 మీటర్ల పార్క్స్ టెలిస్కోపుతో వెలా పల్సార్‌ను గమనిస్తూ చూసింది ఇదే. వెలా ఆవర్తన కాలం 89 మిల్లీసెకన్లు. అందులో పల్సు ఉండేది కొద్ది మిల్లీసెకన్లే, ఆ కాస్త సేపట్లోనే కోణం నున్నగా తిరిగిపోతోంది. తీవ్రత ఎగుడుదిగుడులతో దానికి సంబంధం లేదు. రేడియో తరంగాలు అయస్కాంత ధ్రువం దగ్గర నుంచి వస్తున్నాయని, కోణం మార్పు కేవలం జ్యామితి అని వాళ్లు చెప్పారు. దీన్నే తిరిగే సదిశ నమూనా అంటారు. అప్పటికి పల్సార్లు బయటపడి రెండేళ్లు కూడా కాలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా పల్సార్ జ్యామితి లెక్క కట్టేవాళ్లు మొదట ప్రయత్నించేది ఆ నమూనానే.

ఆ రాధాకృష్ణన్‌కి విశాఖతో ఏమైనా సంబంధం ఉందా?

ఆయన సి. వి. రామన్ కొడుకు, 1929లో పుట్టారు. 1972 నుంచి 1994 దాకా బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు డైరెక్టరు. విశాఖ సంబంధం తండ్రిది. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఇక్కడి మిసెస్ ఏవీఎన్ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చెప్పారు. రామన్ సెయింట్ అలోషియస్ బడిలోనూ ఏవీఎన్‌లోనూ చదివి, ఆ తర్వాత మద్రాసు వెళ్లారు. రామన్ శిష్యుడు సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. చెదిరిన కాంతి ఎంత ధ్రువణమైంది అని కొలవడం రామన్ ప్రభావం అధ్యయనంలో ముఖ్యమైన భాగం. తండ్రి ద్రవాల్లో చెదిరిన కాంతికి ధ్రువణం కొలిచారు, కొడుకు వెయ్యి కాంతి సంవత్సరాల దూరాన ఉన్న తారకు కొలిచారు. ఏవీఎన్ మీదుగా రోజూ కాలేజీకి వెళ్లే పిల్లలకు ఈ సంగతి తెలియాలని నా కోరిక.

ఎస్ గీత నుంచి సరిగ్గా ఏం లెక్క కడతారు?

రెండు కోణాలు. భ్రమణాక్షానికీ అయస్కాంత అక్షానికీ మధ్య ఉన్నది ఆల్ఫా. మన చూపు అయస్కాంత అక్షానికి అత్యంత దగ్గరగా వచ్చినప్పుడు రెంటి మధ్య మిగిలే ఎడం బీటా. మలుపు మధ్యలో గీత వాలు, సైన్ ఆల్ఫాను సైన్ బీటాతో భాగిస్తే వచ్చేంత ఉంటుంది. ఆల్ఫా 60, బీటా 5 డిగ్రీలు అనుకోండి. 0.866ను 0.087తో భాగిస్తే దాదాపు 10. అంటే నక్షత్రం ఒక డిగ్రీ తిరిగేలోగా ధ్రువణ కోణం పది డిగ్రీలు తిరుగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. వాలు ఒక్కటే తెలిస్తే రెండు కోణాలూ విడిగా తెలియవు, వాటి సైన్‌ల నిష్పత్తే తెలుస్తుంది. విడదీయాలంటే గీత రెండు చివర్లలో వంపు కూడా కనబడాలి, అంటే పల్సు వెడల్పుగా ఉండాలి. చాలా పల్సార్లలో పల్సు భ్రమణంలో పదో ఇరవయ్యో డిగ్రీలకు మించదు. అలాంటి చోట "ఆల్ఫా ఇంత" అని ఒకే అంకె వేసి చెప్పిన ఫలితాన్ని నేను అనుమానంగానే చూస్తాను. రెండో ధ్రువం నుంచి కూడా పల్సు వస్తుంటే మాత్రం లెక్క గట్టిగా నిలబడుతుంది. సెకనుకు వందల సార్లు తిరిగే మిల్లీసెకను పల్సార్లలో చాలావాటి గీత ఈ నమూనాకు లొంగదు.

గీత మధ్యలో ఉన్నట్టుండి 90 డిగ్రీలు దూకుతుంది. అది కూడా జ్యామితేనా?

కాదు. 1970ల మధ్యలో ఒక్కొక్క పల్సునూ విడిగా కొలవగలిగినప్పుడు ఇది స్పష్టంగా బయటపడింది. పల్సార్ చుట్టూ ఉన్న అయస్కాంత ప్లాస్మాలో (విద్యుదావేశ కణాల వాయువులో) తరంగం రెండు రీతుల్లో ప్రయాణించగలదు. ఒకటి క్షేత్ర రేఖ తలంలో కంపిస్తుంది, రెండోది దానికి లంబంగా. ఏ క్షణంలో ఏది బలంగా ఉంటే కోణం దాని వైపు పోతుంది. ఆధిపత్యం చేతులు మారిన చోట గీత సరిగ్గా 90 డిగ్రీలు దూకుతుంది. రెండూ సమానంగా కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని ధ్రువణం పడిపోతుంది. కొన్ని పల్సార్లలో ధ్రువణం తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

అందుకే ఎస్ గీతకు నమూనా సరిపెట్టే ముందు దూకుడు ఎక్కడుందో చూసి, ఆ భాగాన్ని 90 డిగ్రీలు జరపాలి. అది చేయకుండా కంప్యూటరుకు అప్పగిస్తే ఏదో ఒక ఆల్ఫా, బీటా ఇచ్చేస్తుంది, దానికి అర్థం ఉండదు.

వెలాలో ఏ రీతిది పైచేయి అన్నది మరో దారిలో తేలింది. చంద్ర ఎక్స్-కిరణ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో వెలా నుంచి చిమ్మే ధార భ్రమణాక్షం దిశను చూపిస్తుంది. రేడియో ధ్రువణ కోణం దానికి దాదాపు లంబంగా ఉంది. అంటే మనకు అందేది ఎక్కువగా లంబ రీతి. పైగా ఆ పల్సార్ ఆకాశంలో కదిలే దిశ కూడా అక్షం వెంటే ఉంది. నక్షత్రం పేలినప్పుడు తగిలిన తోపుకీ భ్రమణానికీ ఏదో లంకె ఉందని దీన్నిబట్టి అనుకుంటున్నారు.

వృత్తీయ ధ్రువణం సంగతి?

సాధారణంగా తక్కువ, సగటు పల్సులో పది శాతం ప్రాంతంలో. పల్సు నడిమి భాగంలో అది ఒక వైపు నుంచి రెండో వైపుకు చిహ్నం మార్చుకోవడం చాలా పల్సార్లలో కనిపిస్తుంది. రాధాకృష్ణన్, జోవన్నా రాంకిన్ 1990లో దీన్ని విపులంగా పరిశీలించారు. ఇది పుట్టుకలోనే వస్తుందా, దారిలో ప్లాస్మా కలుపుతుందా అన్న వాదన నేటికీ నడుస్తోంది.

తరంగం నక్షత్రానికి ఎంత ఎత్తులో పుడుతుందో ధ్రువణం చెబుతుందా?

చెబుతుంది, అదీ అందంగా. పుంజం పుట్టే చోటు కూడా నక్షత్రంతో పాటు గిర్రున తిరుగుతోంది. ఆ వేగం వల్ల పల్సు కొంచెం ముందుకు జరుగుతుంది, కోణం గీత కొంచెం వెనక్కి జరుగుతుంది. పల్సు నడుమకీ ఎస్ మలుపు నడుమకీ మధ్య వచ్చే ఆలస్యం, ఎత్తుకు నాలుగు రెట్లను కాంతి వేగంతో భాగిస్తే వచ్చేంత. 1991లో బ్లాస్కీవిచ్, కోర్డెస్, వాసర్‌మన్ చూపించిన సంబంధం ఇది. లెక్క చేసి చూడండి: ఒక మిల్లీసెకను ఆలస్యమైతే ఎత్తు 75 కిలోమీటర్లు. ఆవర్తన కాలం ఎంతైనా ఇదే లెక్క. ఇలా కట్టినప్పుడు మామూలు పల్సార్లకు వచ్చే ఎత్తులు ఎక్కువగా కొన్ని వందల కిలోమీటర్లే. ఇబ్బంది ఎక్కడంటే, పల్సు నడుమ ఎక్కడుందో తేల్చడం. ఒక పక్క బలంగా, ఇంకో పక్క బలహీనంగా ఉండే పల్సుల్లో అది పెద్ద తగువు.

ఫారడే భ్రమణం అంటే? కోణం దారిలో మారిపోతే పల్సార్ గురించి ఏం తెలుస్తుంది?

అంతరిక్షంలో ఎలక్ట్రాన్లూ, అయస్కాంత క్షేత్రమూ రెండూ ఉన్న చోట రేఖీయ ధ్రువణ తలం మెల్లగా తిరుగుతుంది. ఎంత తిరిగిందన్నది తరంగదైర్ఘ్యం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఆ అనుపాత సంఖ్యను భ్రమణ కొలత, పొట్టిగా ఆర్‌ఎం అంటారు. ఆర్‌ఎం 30 అనుకుంటే, 1400 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 21.4 సెంటీమీటర్లు, కోణం 79 డిగ్రీలు తిరుగుతుంది. అదే 400 మెగాహెర్ట్జ్ దగ్గర 965 డిగ్రీలు, అంటే రెండు చుట్లు దాటి మూడో చుట్టులో పడుతుంది. వేర్వేరు పౌనఃపున్యాల దగ్గర కోణం కొలిస్తే ఆర్‌ఎం బయటపడుతుంది. దాన్నిబట్టి తిప్పుడును వెనక్కి తిప్పేస్తే బయల్దేరినప్పటి కోణం మిగులుతుంది. పల్సు పొడవునా తిప్పుడు ఒకటే కాబట్టి ఎస్ ఆకారం చెడదు, మొత్తం గీత పైకో కిందికో జరుగుతుంది.

పల్సార్‌కు ఇబ్బందైన ఇదే విషయం పాలపుంతకు వరం. పల్సు తక్కువ పౌనఃపున్యంలో ఆలస్యంగా అందడాన్ని బట్టి దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో విడిగా తెలుస్తుంది. దాన్ని డీఎం అంటారు. ఆర్‌ఎంను డీఎంతో భాగించి 1.23తో హెచ్చిస్తే, మన చూపు వెంట క్షేత్రం సగటున ఎన్ని మైక్రోగాస్‌లో వస్తుంది. వెలాకు ఆర్‌ఎం సుమారు 31, డీఎం 68. జవాబు 0.56 మైక్రోగాస్. విశాఖలో దిక్సూచిని తిప్పే భూ అయస్కాంత క్షేత్రం అర గాస్‌కి కాస్త తక్కువ. దానిలో ఏడెనిమిది లక్షల వంతు బలం ఉన్న క్షేత్రాన్ని ఇలా కొలుస్తున్నాం. ఆర్‌ఎం ధనాత్మకమైతే క్షేత్రం మన వైపు చూస్తున్నట్టు, రుణాత్మకమైతే అవతలి వైపు.

దీనికి కొస ఉదాహరణ 2013లో పాలపుంత కేంద్రం దగ్గర దొరికిన మాగ్నెటార్ (క్షేత్రం మరీ బలంగా ఉండే న్యూట్రాన్ తార) జె1745-2900. దాని ఆర్‌ఎం మైనస్ 66,960. 1400 మెగాహెర్ట్జ్ దగ్గర అయితే దాదాపు 490 చుట్లు. రిసీవర్ చానల్ (ఒక్కటిగా కలిపి కొలిచే పౌనఃపున్యాల పట్టీ) కాస్త వెడల్పుగా ఉన్నా చాలు, ఒకే చానల్లో అన్ని కోణాలూ కలిసిపోయి ధ్రువణం సున్నా అయిపోతుంది. అందుకే అలాంటివాటిని ఎక్కువ పౌనఃపున్యాల్లో, సన్నటి చానళ్లతో చూస్తారు. కేంద్రంలోని కృష్ణబిలం పరిసరాల్లో బలమైన క్షేత్రం ఉందని దీనివల్ల తెలిసింది.

మన వాతావరణం ప్రభావం ఉంటుందా?

గాలి, వాన, తుపాను కోణాన్ని తిప్పవు. పై వాతావరణంలోని విద్యుదావేశ పొర, అంటే అయనోవరణం, తిప్పుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లున్నాయి, భూ క్షేత్రమూ ఉంది. అది ఆర్‌ఎంకు 2 కలిపిందనుకుంటే 400 మెగాహెర్ట్జ్ దగ్గర 64 డిగ్రీలు, 1400 దగ్గర 5 డిగ్రీలు అదనంగా తిరుగుతుంది. పైగా అది స్థిరం కాదు. పగలు పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది, సూర్యుడి మచ్చల చక్రంతో మారుతుంది. మన దేశం అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి ఇక్కడ అయనోవరణం దట్టం. వాల్తేరులో దీని మీద పరిశోధనకు పాత చరిత్ర ఉంది. ఆచార్య బి. రామచంద్రరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అయనోవరణాన్ని అధ్యయనం చేసి, భట్నాగర్ బహుమతి అందుకున్నారు. పల్సార్ కోణం కొలిచేవాళ్లకు అలాంటి కొలతలు లేకపోతే పని జరగదు. ఇవాళ జీపీఎస్ సంకేతాల నుంచి ఎలక్ట్రాన్ల మొత్తం తీసుకుని సవరణ చేస్తున్నారు.

ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి దీనితో పరీక్ష పెట్టారట, నిజమేనా?

నిజం. జె1906+0746 అనే పల్సార్ మరో తారతో జంటగా తిరుగుతోంది. సాధారణ సాపేక్షత ప్రకారం దాని భ్రమణాక్షం నెమ్మదిగా ఊగాలి. అక్షం ఊగితే మన చూపు పుంజాన్ని కోసే దారి మారుతుంది, ఎస్ గీత వాలు ఏటికేడు మారాలి. సరిగ్గా అలాగే మారుతోందని 2019లో ప్రచురించారు. దానివల్ల పుంజం ఆకారాన్ని అడ్డంగా కోసి కోసి చూసినట్టయింది. 2028 నాటికి ఆ పుంజం మన దారి తప్పిపోతుందని అదే అధ్యయనం అంచనా.

ఎక్స్-కిరణాల ధ్రువణం?

2024 జనవరి 1న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎక్స్‌పోశాట్ అనే ఉపగ్రహం ఆ పని కోసమే. అందులోని పోలిక్స్ పరికరం తయారు చేసింది రామన్ పరిశోధన సంస్థ. రేడియో, ఎక్స్-కిరణాలు పుట్టే చోట్లు వేరు కాబట్టి రెండు కోణాలూ పక్కపక్కన పెట్టి చూడటం చాలా అవసరం.

విశాఖ నుంచి వెలా పల్సార్‌ని చూడగలమా?

కంటితో కుదరదు. అది ఉన్న చోటును మాత్రం చూడవచ్చు. మార్చి మధ్యలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణానికి తిరగండి. దిగంతానికి 27 డిగ్రీల ఎత్తులో వెలా పల్సార్ ఉంటుంది. దానికి కుడి పక్కన, ఇంకా కిందికి, బాగా మెరిసేది అగస్త్య నక్షత్రం. పల్సార్ నుంచి రేడియో తరంగాలు పగలూ రాత్రీ వస్తూనే ఉంటాయి. కొన్ని మీటర్ల డిష్‌లతో ఔత్సాహికులు వెలా పల్సులను పట్టిన సందర్భాలున్నాయి. కోణం కొలవాలంటే రెండు ధ్రువణాల ఫీడ్, రెండు రిసీవర్లు సంకేతాన్ని పెంచే మోతాదులో, దశలో ఉన్న తేడాలు సరిచూసే క్యాలిబ్రేషన్ కూడా కావాలి. కష్టమంతా క్యాలిబ్రేషన్‌లోనే.

మన దేశంలో ఎక్కడ కొలుస్తారు?

పుణె దగ్గర ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపుల సముదాయంలో. 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి, రెండు ధ్రువణాలూ అందుకుంటాయి. ఊటీలోని 530 మీటర్ల పొడవైన టెలిస్కోపు ఒకే దిశ కంపనాన్ని అందుకుంటుంది. అయినా ఊటీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫారడే భ్రమణం వల్ల పౌనఃపున్యం మారేకొద్దీ కోణం తిరుగుతుంది కాబట్టి, ఒకే డైపోల్‌లో తీవ్రత బ్యాండు పొడవునా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ అలల నుంచి ధ్రువణాన్ని తిరిగి రాబట్టే పద్ధతిని మన దేశ శాస్త్రవేత్తలే రూపొందించారు.

డిగ్రీ చదువుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

టెలిస్కోపు లేకపోయినా ఫర్వాలేదు. యూరోపియన్ పల్సార్ నెట్‌వర్క్ డేటాబేస్‌లో వందల పల్సార్ల ధ్రువణ గ్రాఫులు ఉచితంగా దొరుకుతాయి. పార్క్స్ పాత డేటా కూడా బహిరంగంగానే ఉంది. మొదట ఒక పల్సార్ ఎంచుకుని, కాగితం మీద మలుపు వాలు కొలవండి. త్రికోణమితి వస్తే చాలు. తర్వాత పైథాన్‌లో నమూనా సరిపెట్టండి. ఎంచుకునేటప్పుడు మిల్లీసెకను పల్సార్ జోలికి పోకండి.

ఒక్కటి ముందే చూసుకోండి: చిహ్నాలు. ఖగోళంలో ధ్రువణ కోణాన్ని ఉత్తరం నుంచి తూర్పు వైపుగా కొలుస్తారు. తిరిగే సదిశ నమూనా సూత్రాన్ని పాత వ్యాసాల్లో దానికి ఎదురు దిశలో రాశారు. 2001లో ఎవరెట్, వైస్‌బర్గ్ ఈ తేడాను విడమరిచి చెప్పారు. వృత్తీయ ధ్రువణంలో కూడా పల్సార్ వాళ్ల వీ చిహ్నం అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య పద్ధతికి ఎదురు. ఏ పద్ధతి వాడారో వ్యాసంలో వెతికి పట్టుకుని, మీ నోట్సులో మొదటి పేజీలోనే రాసుకుని, ఆ తర్వాత లెక్క మొదలుపెట్టండి. చిహ్నం తారుమారైతే మన చూపు అయస్కాంత అక్షానికి ఏ వైపు నుంచి పోతోందన్నది తలకిందులవుతుంది.